పాయింట్స్‌మన్ నిల్చున్న చోటు

నల్లమల అడవిలో గిద్దలూరుకూ నంద్యాలకూ మధ్య ఒక చిన్న స్టేషను ఉండేది. మీటర్‌గేజ్ కాలం. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే ఒంటి లైను. అవతలి స్టేషను లైన్ క్లియర్ ఇస్తేనే బండి కదలాలి. ఆ అనుమతికి గుర్తుగా నీల్స్ టోకెన్ యంత్రంలోంచి ఒక లోహపు బంతి బయటికొచ్చేది. దాన్ని తోలుసంచిలో వేసి, సంచిని పేము రింగుకు తగిలించి డ్రైవరుకు అందించేవారు. ఆ బంతి ఇంజనులో ఉన్నంతసేపూ ఆ రెండు స్టేషన్ల మధ్యకు ఇంకో బండి రాకూడదు.

ఆ స్టేషనుకు ఒకాయన వయసులో ఉండగా మాస్టరుగా వచ్చారు. కొత్తగా పెళ్ళయిన భార్యతో రైల్వే క్వార్టర్సులో కాపురం పెట్టారు. నియమమంటే ఆయనకు ప్రాణం. స్టేషన్ వర్కింగ్ రూల్స్ కంఠతా వచ్చు. ఆయన చెబితే సిగ్నలు చెయ్యి దిగేది, ఆయన పచ్చజెండా చూపితే బండి కదిలేది. కొన్నేళ్ళకు బదిలీ అయింది. తర్వాత పెద్ద స్టేషన్లు, పై హోదాలు. ఈలోపు 1992లో, పట్టాలన్నీ ఒకే వెడల్పుకు మార్చే యూనిగేజ్ పథకం మొదలైంది. ఆ లైనూ బ్రాడ్‌గేజ్‌గా మారింది. పాత పట్టాలతోపాటు పాత సిగ్నళ్ళూ పోయి రంగుదీపాలు వచ్చాయి.

రిటైరయ్యాక మాస్టరుగారు నంద్యాలలో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో ఏ పనికీ ఆయన అనుమతి అక్కర్లేదు. నీళ్ళ మోటారు ఎప్పుడు వెయ్యాలో, పాలవాడికి ఎప్పుడు లెక్క చూడాలో భార్యకు ఎప్పుడో తెలుసు. రెండు మూడు నెలలు ఆయన అన్నిట్లోనూ కల్పించుకుని, ఎవరూ వినడం లేదని గ్రహించి, మౌనంగా కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు.

జర్మనీలో ఉద్యోగం చేసే కొడుకు అది చూసి, సెలవులకు వచ్చినప్పుడు ఒక పెట్టె తెచ్చిచ్చాడు. స్విట్జర్లాండులో కొండల మీద నడిచే మీటర్‌గేజ్ బళ్ళను బొమ్మలుగా చేసేవాళ్ళ కోసం తయారైన పట్టాలవి. పట్టాకూ పట్టాకూ మధ్య 12 మిల్లీమీటర్లు. వాటి మీద 12 వోల్టుల కరెంటుతో తిరిగే మోటారు చక్రాలు. "నాన్నా, మన బండి పైభాగం మీరే చెయ్యాలి, అది ఎక్కడా అమ్మరు," అన్నాడు కొడుకు.

మాస్టరుగారిలో ప్రాణం లేచివచ్చింది. మేడ మీది గదిలో ఎనిమిది అడుగుల ప్లైవుడ్ బల్ల వేయించారు. పట్టాల కింద చప్పుడు రాకుండా కార్కు షీటు పరిచారు. కంకర కోసం క్రషరు దుమ్మును టీ జల్లెడలో జల్లించి, పట్టాల మధ్య పోసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను డ్రాపరుతో చుక్కచుక్కగా వదిలారు. ఆ నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే జిగురు కంకరలోకి చక్కగా ఇంకుతుందని ఆయనే కనిపెట్టుకున్నారు. ప్లాస్టిక్ షీటు కోసి వైజీ రకం ఆవిరి ఇంజను చేశారు. రూల్స్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు సిగ్నళ్ళు నిలబెట్టారు: దూరంగా ఔటరు, దగ్గర హోము, అవతల స్టార్టరు. ఆఫీసుగది కిటికీకి ఎన్ని ఊచలుండాలో అన్నే పెట్టారు.

అంతా పూర్తయ్యాక, బళ్ళు లైను మారే పాయింట్ల దగ్గర ఒకప్పుడు తన కింద పనిచేసిన పాయింట్స్‌మన్‌కు కబురంపారు. అతనూ రిటైరై గాజులపల్లిలో ఉంటున్నాడు. వచ్చాడు, చెప్పులు మెట్ల కింద విడిచాడు, బల్ల చుట్టూ నిదానంగా తిరిగాడు. మాస్టరుగారు బండి నడిపి చూపించారు. ఔటరు దిగింది, హోము దిగింది, బండి వచ్చి సరిగ్గా ఆఫీసు ముందు ఆగింది.

"శానా బాగుంది సార్," అన్నాడు పాయింట్స్‌మన్. "ఇది యాడ స్టేషను?"

మాస్టరుగారి ముఖం మాడింది. "మనదేనయ్యా!"

అతను మళ్ళీ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. "మీరు ఆ కిటికీలోంచి చూసిన స్టేషను సార్ ఇది. నేను పాయింట్ల కాడ నిలబడి చూసినాను. అందుకే నాకు ఆనవాలు పట్టలేదు."

ఆ రోజు మాస్టరుగారు కాఫీ ఇప్పించి పంపేశారు. రాత్రి నిద్రపట్టలేదు. తనకంటే ఆ స్టేషను గురించి ఎక్కువ తెలిసినవాడు ఉంటాడా? పొద్దున్నే ఆవిడ దగ్గర ఆ మాటే అన్నారు. ఆవిడ మేడ ఎక్కి బల్ల చూసి, "బావి ఏదండీ?" అంది.

"బావా?"

"క్వార్టర్సు వెనక. ఎండాకాలం అడుగంటితే చేంతాడుకు ఇంకో చేంతాడు ముడివేసి తోడేదాన్ని. అక్కడి నుంచి చూస్తే ఆఫీసు కప్పు మాత్రమే కనిపించేది. నేల అంత పల్లం. మీరు బల్లపరుపుగా చేసేశారు." కాస్త ఆగి, "నన్నడిగితే చెప్పేదాన్ని కదా," అంది.

మాస్టరుగారు ఆ వేళే బస్సెక్కి గాజులపల్లి వెళ్ళారు. పాయింట్స్‌మన్ ఇంటి అరుగు మీద కూర్చుని, ఉద్యోగకాలమంతటిలో ఎన్నడూ అడగని ప్రశ్న అడిగారు: "నువ్వు నిల్చునే చోటి నుంచి ఏమేం కనిపించేవి?"

అతను చెబుతూ పోయాడు. పాయింట్ల పక్కన చింతచెట్టు. దాని వెనక అడవిలోకి కాలిబాట. ఆ బాటనే చెంచులు తేనె, కుంకుళ్ళు తెచ్చి ప్యాసింజరు బండి దగ్గర అమ్ముకునేవాళ్ళు. చీకటిపడే ముందు ఔటరు దాకా నడిచి, నిచ్చెనెక్కి, సిగ్నలు దీపంలో కిరసనాయిలు పోసి వెలిగించి రావాలి. వచ్చేటప్పటికి పూర్తిగా చీకటి. ఎలుగుబంటికి వినపడేలా గట్టిగా పాడుకుంటూ వచ్చేవాడట. "మీకు టైముకు దీపం వెలిగిందని రిజిస్టర్లో రాసేది తెలుసు సార్. నడక నాది."

మాస్టరుగారు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు. తర్వాత అతన్ని వెంటబెట్టుకుని ఒకప్పుడు పట్టాలు తనిఖీ చేస్తూ నడిచిన ఒక ముసలి కీమన్ దగ్గరకు వెళ్ళారు. అతను లైను ఎక్కడ ఎంత ఎక్కుతుందో, ఏ తూము కింద వానాకాలం నీళ్ళు చప్పుడు చేసేవో చెప్పాడు. గుంతకల్లులో ఒక పాత డ్రైవరు దొరికాడు. మీ స్టేషను ఎలా ఉండేదో నాకు తెలీదు మాస్టరుగారూ అన్నాడాయన. ఆగకుండా వెళ్ళే బండిలో ఆయన కళ్ళు ఒక్కదాని మీదే ఉండేవి: టోకెన్ రింగు పట్టుకుని పైకెత్తిన చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో గుర్తులేదన్నాడు. పాయింట్స్‌మన్ పక్కనే కూర్చుని వింటున్నాడు. "నాదే," అన్నాడు మెల్లగా. ఇద్దరూ ఒకరినొకరు అన్నేళ్ళు చూసుకున్నవాళ్ళే, ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

నంద్యాల వచ్చాక మాస్టరుగారు బల్ల విప్పించారు. నేలను పల్లం చెయ్యడానికి కింది చట్రం కోయించాల్సి వచ్చింది. నెలల పని పోయింది. వడ్రంగి జాలిపడ్డాడు గానీ ఆయన చింతించలేదు. గుడ్డ మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి అడవివైపు గట్టు లేపారు. రాగితీగ మెలిపెట్టి చింతచెట్టు చేశారు. బావి ఎక్కడుండాలో ఆవిడ పెన్సిలుతో గీసింది. ఔటరుకూ పాయింట్లకూ మధ్య లాంతరు పట్టుకున్న ఒక మనిషిని నిలబెట్టారు. ఎత్తు 19 మిల్లీమీటర్లు.

పాయింట్స్‌మన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి అడగలేదు. వేలు క్వార్టర్సు దగ్గర పెట్టి, బావి పక్కనుంచి, చెట్టు చుట్టి, పాయింట్ల దాకా నడిపించాడు. ఒకచోట ఆగాడు. "ఈడ ఒక రాయుండె సార్. చీకట్లో కాలికి తగిలేది."

"ఎంత రాయి?" అన్నారు మాస్టరుగారు పెన్సిలు తీస్తూ.

నీతి

పదవి దిగిన మనిషి ముందుగా నేర్చుకోవలసిన విద్య అడగడం. ఏ వ్యాపకమైతే మనిషిని ఇంకొకరి అరుగు మీద కూర్చోబెట్టి అడిగిస్తుందో, ఆ వ్యాపకం రిటైరయినవాడికి మేలు చేస్తుంది.

బొమ్మరైలు కట్టడాన్ని ముసలితనంలో వచ్చిన పిల్లచేష్ట అనుకునేవాళ్ళకు ఈ కథ చెప్పాలనిపించింది. ఆ పనిలో లెక్కే మనిషిని అడిగేలా చేస్తుంది. అసలు బండిని 87వ వంతుకు తగ్గించడం ప్రపంచంలో చాలామంది పాటించే కొలత. ఆ కొలతలో ఎనిమిది అడుగుల బల్ల మీద పట్టేది సుమారు 212 మీటర్ల నేలే. చిన్న స్టేషనులో ఔటరు నుంచి ఔటరు దాకా అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి ఏదో ఒకటి వదిలెయ్యక తప్పదు. ఏది వదలాలో తేల్చాలంటే ఆ చోటికి ఏది ప్రాణమో తెలియాలి. ఒక్క కిటికీలోంచి చూసినవాడికి అది తెలియదు.

వేగమూ అంతే. గంటకు 40 కిలోమీటర్ల బండి ఈ కొలతలో సెకనుకు 13 సెంటీమీటర్ల లోపే కదలాలి. అంటే బల్ల దాటడానికి 19 సెకన్లు. మొదట్లో అందరూ మూడు నాలుగు సెకన్లలో ఉరికిస్తారు. నెమ్మదిగా నడిపితేనే బండికి బరువున్నట్టు కనిపిస్తుందని ఎవరో ఒక డ్రైవరు పక్కన నిలబడి చెప్పాలి.

మన దేశంలో ఈ పని చేసేవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. దాన్ని నేను అదృష్టమంటాను. బజారులో దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాలు 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజ్‌కు సరిపోతాయి. మన బ్రాడ్‌గేజ్ 1676. అదే 87వ వంతుకు 19 మిల్లీమీటర్లు దాటాలి. మీటర్‌గేజ్ వాళ్ళు నయం, 12 మిల్లీమీటర్ల పట్టా అసలుకు చాలా దగ్గర. మన బళ్ళు, మన స్టేషన్లు పెట్టెల్లో తయారుగా దొరకడం అరుదు. అందుకే వడ్రంగిని, బోర్డులు రాసే పెయింటరును, టంకం పెట్టే మెకానిక్కును, పాత ఉద్యోగులను వెతుక్కుంటూ పోవాలి. పెట్టె కొని గుండ్రంగా తిప్పుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ వాళ్ళలో చాలామంది త్వరగా విసుగెత్తి ఆ పెట్టెను అటక మీదికెక్కిస్తారు, ఎందుకంటే తిరిగే బండి దగ్గర ఇక తెలుసుకోవలసింది ఏమీ మిగలదు.

ఇలా వెతుక్కుంటూ పోయి కట్టినదానికి ఒక ఉదాహరణ ఉంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైరు జిల్లా లాంగ్ విటెన్‌హామ్ ఊళ్ళో పెండన్ మ్యూజియం ఉంది. దాన్ని 1954లో మొదలుపెట్టిన రాయ్ ఇంగ్లండ్ ఆస్ట్రేలియా నుంచి 1925లో వచ్చిన యువకుడు. అక్కడి పల్లెల్లో పూరికప్పుల ఇళ్ళు కళ్ళముందే మారిపోతుంటే తట్టుకోలేక, ఒక్కొక్క ఇంటినీ కొలిచి 76వ వంతుకు తగ్గించి కట్టడం మొదలుపెట్టాడు. ఆ బొమ్మ పల్లెలకు పక్కనే రైళ్ళు. ఆయన 1995లో పోయాడు, పని ఆగలేదు, స్వచ్ఛందంగా వచ్చే మనుషులు కొనసాగిస్తున్నారు. ఆయన ఆ ఊళ్ళకు పరాయివాడు. తెలియదని ఒప్పుకుని మొదలుపెట్టాడు కాబట్టే గుమ్మం గుమ్మం దగ్గర ఆగి కొలవగలిగాడని నా నమ్మకం. మన మాస్టరుగారికి అది కష్టమైంది, ఎందుకంటే ఆయన ఆ స్టేషనుకు యజమానిలా బతికారు. ఆయన చేతులు చిన్న సిగ్నలును త్వరగానే నేర్చుకున్నాయి. "ఏమేం కనిపించేవి" అన్న మాట నోట రావడానికే ఒక జీవితం పట్టింది. ఆ మాట ఇంట్లోనే ముందు అడిగి ఉంటే బల్ల రెండోసారి కోయాల్సిన పని ఉండేది కాదు. అన్నేళ్ళు ఆ బావిలో నీళ్ళు తోడిన మనిషి పక్కగదిలోనే ఉంది.

ఈ పని మొదలుపెట్టాలనుకునే పెద్దలకు ఒకటి రెండు మాటలు. అరవై దాటిన కళ్ళకు 160వ వంతు బళ్ళు శ్రమ పెడతాయి, పెద్ద కొలత ఎంచుకోండి. దీపమున్న భూతద్దం కొనుక్కోండి. మొదటి బల్ల నాలుగడుగులు చాలు, ఒక పాయింటు, ఒక సిగ్నలు, ఒక చెట్టు. కరెంటు పట్టాల మీదుగానే మోటారుకు చేరుతుంది కాబట్టి వాటిని వారానికోసారి గుడ్డతో తుడవకపోతే బండి తడబడుతుంది.

మీటర్‌గేజ్ స్టేషనే కట్టాలనుకుంటే మాత్రం ఆలస్యం చేయకండి. పేము రింగు ఎత్తి పట్టుకున్నవాళ్ళు, సిగ్నలు నిచ్చెనెక్కి దీపం వెలిగించినవాళ్ళు, క్వార్టర్సు బావిలో నీళ్ళు తోడినవాళ్ళు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైల్లో ఉన్నారు. దొనకొండలో, గిద్దలూరులో, నంద్యాలలో, గుంతకల్లులో ఆ బళ్ళతో బతికిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. ప్లైవుడ్ కోయించడానికి వడ్రంగి దగ్గరికి ఆ తర్వాత వెళ్ళొచ్చు.