మధ్యవర్తి లేకుండా ఇల్లు అమ్మేవారికి

 

ఒక జుమా నమాజు తర్వాత ఓ సోదరుడు వచ్చి మా పక్కన కూర్చున్నారు. "మౌలానా! మా ఇల్లు అమ్ముతున్నాం. బ్రోకరుకు రెండు శాతం ఎందుకివ్వాలని నేనే గేటుకు బోర్డు కట్టాను. ఇది జాయిజేనా?" అని అడిగారు.

జాయిజే. బ్రోకరును పెట్టుకోవడం కూడా జాయిజే. దళారి రుసుము తీసుకోవడంలో తప్పు లేదని ఇబ్ను సీరీన్, అతా, హసన్ బస్రీ (రహ్మ) వంటి పెద్దలు భావించినట్లు ఇమామ్ బుఖారీ (రహ్మ) పేర్కొన్నారు. అయితే మధ్యవర్తి లేనప్పుడు చెప్పాల్సినదంతా మన నోటితోనే చెప్పాలి. 'ఆ సంగతి బ్రోకరు చెప్పి ఉంటాడనుకున్నా' అని తప్పుకునే దారి ఉండదు.

సహాబాలలోనూ ఇలా స్వయంగా అమ్మినవారున్నారు. హజ్రత్ అబూ రాఫె (రజి)కి హజ్రత్ సాద్ బిన్ అబీ వఖాస్ (రజి) ఇంటి ఆవరణలో రెండు గదులుండేవి. వాటిని కొనమని ఆయన సాద్ గారినే అడిగారు. సాద్ (రజి) నాలుగు వేలకు మించి ఇవ్వనన్నారు, అదీ వాయిదాలలో. అప్పటికే బయటివారు 500 దీనార్లు ఇస్తామన్నారు. ఆ రోజుల లెక్కన అది ఎక్కువ మొత్తం. అయినా, సమీపంలో ఉన్నందున పొరుగువాడికే ఎక్కువ హక్కుందని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానంటూ అబూ రాఫె (రజి) ఆ తక్కువ ధరకే ఇచ్చేశారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. మరి మనం? పక్కింటివారికి మాట కూడా చెప్పకుండా ఊరంతా చాటుతాం!

మాటల్లో ఆ సోదరుడు మరో సంగతి చెప్పారు. వానాకాలంలో వెనక గదిగోడ చెమ్మగిల్లుతుందట. బోర్డు కట్టేముందే రంగు వేయించారట. మేము ఆయనకు మదీనా బజారును గుర్తుచేశాం. దైవప్రవక్త (స) ఓ ధాన్యపు రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడన్నాడు. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదన్నారు. రంగు వేయించడం తప్పు కాదు, రంగు వెనక ఏముందో దాచడం తప్పు. కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని లోపం అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలని మన దేశంలోని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం కూడా అంటుంది.

ఇక బయానా. కొనేవాడు వెనక్కి తగ్గితే ఆ సొమ్ము మింగేయడం మనవద్ద మామూలైపోయింది. ఇమామ్ అహ్మద్ (రహ్మ) అనుమతించినా, హనఫీలతో సహా అధికశాతం ఫుఖహా దృష్టిలో అది జాయిజ్ కాదు. ధర ఖాయమయ్యాక ఎక్కువిస్తానన్నవాడి వైపు తిరగడమూ అంతే. 40 లక్షలకు అమ్మి దస్తావేజులో 20 లక్షలని రాయించడం అబద్ధాన్ని రిజిస్టరు చేయించడమే. పాపం, సాక్షి సంతకాలు పెట్టేవారినీ అందులోకి లాగుతున్నాం! స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి చట్టం కూడా ఉంది.

చివరికి మేమొక ప్రశ్న వేశాం: "ఇల్లు ఎవరి పేరున ఉంది?"

"మరణించిన నాన్నగారి పేరున." అమ్మ ఉన్నారు, ఇద్దరు చెల్లెళ్లున్నారు. తాత, నాయనమ్మలు లేరు. "చెల్లెళ్ల పెళ్లిళ్లకు బాగానే ఖర్చుపెట్టాం కదా" అన్నారాయన.

పెళ్లి ఖర్చు వారసత్వ వాటా కాదు. అప్పులు, వసీయత్ తీరాక 40 లక్షలు మిగిలితే తల్లికి ఎనిమిదో వంతు, అంటే 5 లక్షలు. మిగిలిన 35లో కుమారుడికి పదిహేడున్నర లక్షలు, ఒక్కో కుమార్తెకు 8 లక్షల 75 వేలు. అన్నయ్య నొచ్చుకుంటాడని మొహమాటంతో పెట్టిన సంతకంతో ఆ హక్కు పోదు. వాటా చేతికిచ్చాక మనస్ఫూర్తిగా తిరిగిస్తే అది వేరు. అసలు వారు ఒప్పుకోనిదే వారి వాటా అమ్మే అధికారమే ఆయనకు లేదు. పైగా పొరుగువాడికే అంత హక్కుంటే, అదే ఇంట్లో భాగస్తులైన చెల్లెళ్ల మాటేమిటి? కొనదలిస్తే ముందు అవకాశం వారిదే.

ఆయన కాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత, ఇంటికెళ్లి ముందు బోర్డు విప్పుతానని, ఆదివారం చెల్లెళ్లిద్దరినీ పిలిపిస్తానని చెప్పి లేచారు.