తలా తోకా లేని క్రమం

అయస్కాంత క్రమం అనగానే మన ఊహలో బాణాలు మెదులుతాయి. ప్రతి పరమాణువు మీదా ఒక బాణం, అన్నీ ఒకే వైపుకో, ఒకటి విడిచి ఒకటి ఎదురుబొదురుగానో. సీరియం హెక్సాబోరైడ్ స్ఫటికాన్ని 3.2 కెల్విన్‌ల దాకా చల్లబరిస్తే ఏర్పడే క్రమంలో బాణాలే ఉండవు. ప్రతి సీరియం అయానులోనూ ఉన్న ఒకే ఒక్క 4ఎఫ్ ఎలక్ట్రాను మేఘం ఒక వైపుకు సాగుతుంది, పక్క అయాను మీద మరో వైపుకు. బల్ల మీది అప్పడాల కర్ర ఎటు పడుకుందో చెప్పగలం, ఎటు చూస్తోందో చెప్పలేం. క్వాడ్రుపోల్ క్రమం అలాంటిది. బాణాలు వాటంతటవి బారులు తీరేది 2.3 కెల్విన్‌ల దిగువనే.

ఈ క్రమాన్ని న్యూట్రాన్లతో నేరుగా చూడలేం. న్యూట్రాను పరమాణు కేంద్రకాలను చూస్తుంది, అయస్కాంత భ్రామకాలను, అంటే ఆ బాణాలను, చూస్తుంది. ఎలక్ట్రాను మేఘం ఆకారం దానికి ఆనదు. అందుకే 1980లలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ శాస్త్రవేత్తలు స్ఫటికాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి చూశారు. (మామూలు బోరాన్‌లో ఐదో వంతు ఉండే బోరాన్-10 న్యూట్రాన్లను మింగేస్తుంది. అందుకని బోరాన్-11తో స్ఫటికాన్ని పెంచుకోవాలి. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.) క్షేత్రం పెట్టగానే ఒకటి విడిచి ఒకటిగా మారే భ్రామకాలు బయటపడ్డాయి.

హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర నేను చెప్పగా ఇదంతా విన్న ఒక అశోక్‌నగర్ కుర్రాడు, గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నవాడు, వెంటనే అడిగాడు: "సార్, వాళ్లే క్షేత్రం పెట్టి పుట్టించినదాన్ని, ముందునుంచే ఉందని ఎలా అంటారు?"

నన్ను ఎన్నాళ్లుగానో వదలని ప్రశ్న ఇది. నాకు తోచిన జవాబు చెప్పాను. క్షేత్రం స్ఫటికమంతటా ఒకేలా ఉంది. ఒకటి విడిచి ఒకటి అనే లెక్క దానికి తెలియదు. అందరినీ ఒకే మాట అడిగితే పక్కపక్కవాళ్లు వేరువేరుగా బదులిచ్చారంటే, ఆ తేడా వాళ్లలో ముందే ఉండి తీరాలి.

నా జవాబు వెనకున్నది సౌష్ఠవం లెక్కే. ఏ సౌష్ఠవం ఉన్న స్ఫటికం ఏ బలానికి ఎలా స్పందించగలదన్న ఆలోచన మన ఊరికి కొత్తది కాదు. హిమాయత్‌నగర్‌కి కూతవేటు దూరంలోని నిజాం కాలేజీలో చదివి, 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా ఉపకులపతిగా ఉన్న సూరి భగవంతం ఎన్నో ఏళ్లు దీనిమీదే పనిచేశారు. 1966లో వచ్చిన ఆయన 'క్రిస్టల్ సిమెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్' అంతా ఈ విషయమే.

కుర్రాడు సగమే ఒప్పుకున్నాడు. ఒప్పుకోని సగంలోనూ న్యాయముంది. క్షేత్రం పెట్టినప్పుడు ఆక్టుపోల్ అనే ఇంకా చిక్కైన అమరిక కూడా పుడుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోనన్నాళ్లూ ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) ఫలితాలకూ న్యూట్రాన్ ఫలితాలకూ పొసగలేదు. 1990లలో గాని సిద్ధాంతకర్తలు ఆ ముడి విప్పలేదు. అడిగే తీరు జవాబులో కొంత కలుస్తుంది, దాన్ని వడగట్టడం పెద్ద పని. చివరికి క్షేత్రమే లేకుండా, ఎక్స్-కిరణాలతో అదే ఒకటి విడిచి ఒకటి అమరికను జపాన్‌లో చూడగలిగారు. ఆ ఫలితం అచ్చయింది 2001లో, గ్రెనోబుల్ ఫలితాలు వచ్చిన పదహారేళ్లకు. ఈసారి కనిపిస్తే అతనికి ఆ సంగతి కూడా చెబుతాను.