గోషామహలు తలుపుల వెనుక

పరోక్షమున నొకరినిగూర్చి చెప్పఁబడిన మాటను విచారింపక నమ్ముట యల్పదోషమని మనము తలఁచుచున్నాము. ఆ దోష మెంతదూరము పోఁగలదో జవహర్‌నగరునందలి మనకు వేఱొకరు చెప్పనక్కఱలేదు. 2019 సెప్టెంబరులో మనకు సమీపముననే, శామీర్‌పేట ప్రాంతమునందలి అద్రాస్‌పల్లిలో, ఒక యువకుఁడు చేతబడి చేసెనను అనుమానముచేతఁ జంపఁబడి మఱియొకరి చితిమంటలపాలు చేయఁబడెను. ఆ చేతబడిని గన్నులఁ జూచినవా రెవరు? పల్లెవారి యజ్ఞానమని తలయూఁచి మనము పత్రికను మడిచి పెట్టితిమి. కాని విద్యావంతులమగు మనలోను వినికిడి నమ్మకములు లేకపోలేదు. వానికిఁ గొంచెము నాగరికవేషము వేయుదుము, అంతియే. ఫ్రీమేసనులనుగూర్చి మనము చెప్పికొనుమాటలే యిందుకు నిదర్శనము.

హైదరాబాదునందలి గోషామహలు బారాదరి 1682లో, గోలకొండ కడపటి సుల్తానగు తానాషా కాలమున, అంతఃపురస్త్రీలకొఱకుఁ గట్టఁబడినది. 1872లో, ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ బాలుఁడై యుండఁగా, అది ఫ్రీమేసనుల కొసఁగఁబడెను. ఉత్తరదేశమున నిట్టి భవనములకు జాదూఘర్ అను పేరే నిలిచిపోయినది. లోపల దయ్యమును గొలుతురనియు, చేరినవాఁడు స్వమతమును విడువవలెననియు, రాజ్యములను గూల్చువారును నిలుపువారును వీరేయనియు లోకులు చెప్పుదురు.

ఉన్నమాట యేమి? 1717లో లండనునందలి నాలుగు లాడ్జీలు కలిసి మహాలాడ్జిగా నేర్పడినవి. రాతిపనివారి మూలమట్టమును గంపాసును నీతివర్తనమునకు గుర్తులుగా వీరు గైకొనిరి. చేరఁగోరువాఁడు పరమేశ్వరుని నమ్మవలెను. ఆయన నే పేరఁ బిలుచునో యడుగరు. హిందువు భగవద్గీతపైని, ముసల్మాను ఖురానుపైని, క్రైస్తవుఁడు బైబిలుపైని ప్రమాణము చేయును. సభలో మతవివాదమును రాజకీయవాదమును నిషిద్ధములు. ఇది మతము కాదు, మోక్షమార్గమును బోధింపదు. రహస్యములందురా? అవి 1730లోనే శామ్యూల్ ప్రిచర్డు పుస్తకముగా లండనులో నచ్చుపడి యమ్ముడుపోయినవి!

మన దేశమున వీరి తలుపు మొదట మనకే మూయఁబడి యుండెనని యెఱుఁగవలెను. హిందువులు బహుదేవతారాధకులు గావున నర్హులు కారని కలకత్తాలోని దొరలు కొందఱు వాదించిరి. ప్రసన్నకుమారదత్తుఁడు పట్టు విడువక యేండ్లకొలఁది పోరాడి 1872లోఁ బ్రవేశించెను. తరువాత వివేకానందస్వామిగాఁ బ్రసిద్ధికెక్కిన నరేంద్రనాథదత్తుఁడు 1884లోఁ గలకత్తాలోనే చేరెను. వీరిద్దఱును దయ్యమును గొలిచిరని చెప్పు సాహస మెవరికిఁ గలదు? నేఁడు మన దేశపు లాడ్జీలలోఁ బెక్కింటిని నడపునది 1961 నవంబరు 24న నేర్పడిన భారత మహాలాడ్జి.

ఇఁక దయ్యముకథ యెక్కడిది? లియో తాక్సిల్ అను ఫ్రెంచివాఁడు 1885 మొదలు పండ్రెండేండ్లు ఫ్రీమేసనుల సైతానుపూజనుగూర్చి గ్రంథములు వ్రాసెను. డయానా వాన్ అను కల్పితస్త్రీని సాక్షిగా నిలిపెను. పెద్దపెద్ద మతాచార్యులే నమ్మిరి. 1897 ఏప్రిల్ 19న పారిసులో నిండుసభయందు, ఇదంతయు నేను కల్పించినదే యని యతఁడు నవ్వుచుఁ జెప్పివేసెను. కథకుఁడు తానే యబద్ధమన్నను గథమాత్రము చావలేదు; ఇప్పటికిని మన చేతిఫోనులలో నది తిరుగుచున్నది.

అయితే శంకకుఁ దావే లేదని మేము చెప్పము. ఇటలీలోని పీ-టూ అను లాడ్జి సభ్యుల జాబితా 1981లో బయటపడఁగా, మంత్రులును సేనాధిపతులును నందుండుటచే ఫోర్లాని మంత్రివర్గమే పడిపోయెను. రహస్యమున్నచోట దుర్జనుఁడు నీడ వెదకును. కాని యా తప్పు సాక్ష్యముతో బయటపడినది, వదంతితోఁ గాదు.

మాకుఁ దోఁచు పెద్దలోపము మఱియొకటి. భారత మహాలాడ్జిలో స్త్రీలకు సభ్యత్వము లేదు. స్త్రీపురుషులు కలిసియుండు వేఱొకశాఖలో అనిబిసెంటమ్మ 1902లోనే చేరి, దానిని మన దేశమునకుఁ దెచ్చెను. భారత మహాలాడ్జి దానిని గుర్తింపదు. స్త్రీలకొఱకుఁ గట్టిన గోషామహలులో సమావేశమగుచు నా సోదరులు దీనికేమి సమాధానము చెప్పుదురో వారిని బహిరంగముగా నడుగుట మనకుఁ దగును.