ఒకే పేరు చాటున

(ధ్యానమునకు: ఆదికాండము 2:19, అపొస్తలుల కార్యములు 6:1–6)

ఆదాము జీవులన్నిటికి పేరులు పెట్టెనని ఆదికాండములో చదువుచున్నాము. ఆ పని నేటికిని ముగియలేదు.

ఈశాన్య భారతమందలి కొండవాగుల చెంత ఒక విధమైన కప్పలు కలవు. వాటి కనురెప్పలమీద మెత్తని చర్మపు మొన కొమ్మువలె నిలిచియుండును. ఎండుటాకులలో కూర్చున్నయెడల ఆకేదో కప్పయేదో తెలియదు. 1908లో బౌలెంజరు అను శాస్త్రజ్ఞుడు పెట్టిన 'మెగోఫ్రిస్ మేజర్' అను పేరుతోనే వేరువేరు కొండలలో దొరికిన ఇట్టి కప్పలను చాలకాలము పిలుచుచు వచ్చిరి. 2018లో స్టీఫెన్ మహోనీ, ఎస్.డి. బిజు మొదలగువారు వాటి దేహములను కొలిచి, డి.ఎన్.ఎ.ను పోల్చి చూడగా, అంతవరకు పేరులేని నాలుగు జాతులు బయటపడెను. మేఘాలయలోని గారో కొండల కప్పకు 'ఓరియోక్రిప్టా' అని పేరిడిరి. కొండలలో దాగినది అని దాని అర్థము.

కప్పకు పేరు లేకున్న కొదువ యేమని కొందరు అడుగవచ్చును. నిజమే, పేరు పెట్టకముందును అది దేవునికి తెలిసినదే. కొదువ దానికి కాదు, మనకు. అన్నియు ఒకటే యనుకొన్నంతకాలము, అవి ఎన్నో కొండలమీద విస్తారముగా నున్నవని నిశ్చింతగా నుందుము. వేరువేరని తెలిసిననాడు ఒక్కొక్కదాని చోటు చిన్నదని తేలును. ఒక కొండమీది అడవి నరికిన ఒక జాతియే పోవచ్చును. ఒకే పేరుతో లెక్కించు మనకు తగ్గినదనియు తెలియదు.

మనుష్యుల విషయములోను ఇంతే. మన మఠంపల్లి ప్రాంతపు సిమెంటు ఫ్యాక్టరీలలో పనికై దూరపు రాష్ట్రములనుండి వచ్చినవారిని "హిందీవాళ్ళు" అని ఒక్కమాటతో తేల్చివేయుదుము. ఎవరి తల్లిభాష ఏదో, ఎవరి బిడ్డ జ్వరముతో పడియున్నదో అడుగము. సంఘములో "బీదల"కని కానుక పట్టుదుము. ఆ మాట చాటున, నిన్నటినుండి పొయ్యి రాజని ఇల్లు ఏదో చూడము. పేరు పెట్టితిమి గనుక ఎరుగుదుమనుకొందుము.

యెరూషలేము సంఘములో విధవరాండ్రకు దినదినము ఆహారము పంచబడుచుండెను. అయినను వారిలో గ్రీకుభాష మాట్లాడువారు మరువబడిరి. అపొస్తలులు ఆ సణుగును త్రోసివేయలేదు. దానిని చూచుకొనుటకు ఏడుగురు ఏర్పరచబడిరి. ఆ యేడుగురి పేళ్ళును ఒక్కొక్కటిగా వ్రాయబడియున్నవి.

ఈ మాసము కానుక పట్టకముందు, మనలో ప్రతివారము ఒక్క ఇంటి గడప త్రొక్కి, వారి పేరును, వారి అక్కరను అడిగి తెలిసికొందము. దగ్గరకు పోయి చూచు కన్నులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.