తిరిగి రాని బాటసారి

చదువవలసిన వాక్యభాగములు: లూకా 10:25–37, లేవీయకాండము 19:33–36, ద్వితీయోపదేశకాండము 25:13–16



ఎరిగినవానియెడల నమ్మకముగా నుండుట ఒక సంగతి. మరల ఎన్నడును మన యెదుటికి రానివానియెడల నమ్మకముగా నుండుట వేరొక సంగతి. మొదటిదానికి ఊరివారి భయము తోడుగా నుండును. రెండవదానికి మనస్సాక్షి తప్ప వేరు కావలి లేదు. కాబట్టి మన నీతి యెంత గట్టిదో ఈ రెండవచోటనే తేలునని మేము తలంచుచున్నాము. ఈ మాసము ఆ సంగతిని దారిలో ఆగిపోయిన ఒక బండిని దృష్టాంతముగా తీసికొని ఆలోచింతము.

అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా దేశములలో మోటర్‌హోము అను బండ్లు కలవు. చక్రములమీద కట్టిన ఇల్లు అనుకొనుడి. ముందు డ్రైవరు సీటు, దాని వెనుక పొయ్యి, నీళ్ల తొట్టి, స్నానపు గది, మంచములు, అన్నియు ఒక్క బండిలోనే యుండును. పెద్దవి 30 మొదలు 40 అడుగుల పొడవుండును. ఉద్యోగము విరమించిన దంపతులు కొందరు ఊరిలోని ఇల్లు అమ్మివేసి సంవత్సరమంతయు వీటిలోనే కాపురము చేయుదురు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములలోను కొందరు సెలవులకు వీటిని అద్దెకు తీసికొని పిల్లలతో దూరప్రయాణములు చేయుదురు.

ఈ బండి నడిచినంతసేపు సుఖమే. ఇంజను ఆగినయెడల రెండు నష్టములు ఒక్కమారే కలుగును: ప్రయాణమును ఆగును, ఇల్లును పోవును. మామూలు కారు చెడినప్పుడు దానిని షెడ్డులో విడిచి సత్రములో పండుకొనవచ్చును. ఇక్కడ షెడ్డులోనికి పోవునది పడకగదియే. పైగా అంత ఎత్తు, అంత బరువు గల బండి పట్టు షెడ్డులు అన్ని ఊళ్లలో నుండవు. తరచుగా చాసిసు ఒక కంపెనీది, ఇంజను వేరొకరిది, పైన కట్టిన ఇల్లు మూడవవారిది. అందుచేత 'ఇది మా పని కాదు, వారియొద్దకు పొండి' అని త్రిప్పి పంపుట బహు సులభము. డీసెలు బండ్లలో అనేకమువాటికి ఇంజను వెనుకభాగమున ఉండును. వాటిలో కొన్నిటికి మెకానిక్కు ఇంజను చూడవలెనన్న ఆ కుటుంబము పండుకొను మంచమునే పైకెత్తవలెను. అంతగా ఆ ఇల్లు పరాయివాని చేతికి అప్పగింపబడును!

ఇంజను వేడెక్కి ఆవిరి చిమ్మినదనుకొనుడి. బెల్టు తెగియుండవచ్చును. రబ్బరు గొట్టము పగిలియుండవచ్చును. వెనుకనున్న రేడియేటరు దుమ్ముతోను నూనె జిడ్డుతోను పూడుకొనియుండవచ్చును. లేక ఇంజను హెడ్డే బీటవారియుండవచ్చును. మొదటిది కొద్ది పైకముతో పోవును, కడపటిది ఏండ్ల పొదుపును మ్రింగును. యజమానికి కనబడునది ఆవిరి మాత్రమే. నిజమేదో మెకానిక్కునకే తెలియును. ఆ ప్రయాణికునికి ఊరు తెలియదు, వేరొక మెకానిక్కు తెలియడు, ప్రొద్దు క్రుంకుచున్నది, పిల్లలు ఆకలితో నున్నారు. అడిగినంత ఇచ్చి మరునాడు వెళ్లిపోవును. పని సరిగా చేయబడనియెడల ఆ సంగతి నూరు మైళ్ల దూరమున గాని బయటపడదు. అట్టివానికి మనము ఎంత నీతి బాకీపడియున్నాము? ఇదియే మన ప్రశ్న.

మంచి సమరయుని కథ మనమందరము ఎరిగినదే. యాజకుడు, లేవీయుడు ప్రక్కగా పోయిరనియు, సమరయుడు జాలిపడెననియు బోధకులు చెప్పుచుందురు. అయితే ఆ కథలో పూటకూళ్లవాడును ఉన్నాడు. అతనిని గూర్చి మనము తలంచుట తక్కువ. సమరయుడు అతనికి రెండు దేనారములిచ్చి, ఇంకేమైన ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట యిచ్చెను. లెక్క చూడవలసిన గాయపడినవాడు లేవలేని స్థితిలో మంచముమీద నున్నాడు. ఎన్ని పూటలు భోజనము పెట్టెనో, ఎంత నూనె వాడెనో పూటకూళ్లవాడు చెప్పినదే లెక్క. సమరయుడు జాలి చూపుటయే గాక, తాను లేనప్పుడు వేరొకడు నమ్మకముగా పనిచేయునని నమ్మెను. పూటకూళ్లవాడును తెలియని ప్రయాణికుని మాటమీద అప్పు పెట్టుటకు నమ్మవలసి వచ్చెను. జాలి ఒక్కటే గాయపడినవానిని కాపాడలేదు, ఒక అంగడివాని యథార్థతయు కావలసియుండెను. దారిలో ఆగిన బండివానికి మెకానిక్కు ఆ పూటకూళ్లవాని స్థానములో నున్నాడు.

ధర్మశాస్త్రములో మరియొక సంగతి గమనింపుడి. లేవీయకాండము 19వ అధ్యాయమున పరదేశిని బాధింపక మనవలె ప్రేమింపవలెనను ఆజ్ఞ ముగిసిన వెంటనే, కొలతలోను తూనికలోను అన్యాయము చేయరాదను ఆజ్ఞ వచ్చుచున్నది. ఇవి రెండును ప్రక్కప్రక్కన నుండుట మాకు అర్థవంతముగా తోచుచున్నది. పరదేశి మొట్టమొదట మోసపోవునది తూనికయొద్దనే గదా. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయమున, సంచిలో పెద్దదియు చిన్నదియు రెండు తూనికరాళ్లు ఉంచుకొనరాదని చెప్పబడియున్నది. ఒక రాయి మనవారికి, ఒక రాయి బాటసారికి! చిన్న రాయి వాడువాడు తాను దొంగనని అనుకొనడు. ఊరిలో అతనికి మంచిపేరే యుండును, ఏలయనగా ఊరివారికి అతడు పెద్ద రాయితోనే తూచుచున్నాడు.

ఇక్కడ ఒక అభ్యంతరము వినవలసియున్నది. 'అర్ధరాత్రి లేపిరి, పది మైళ్లు పనిముట్లు మోసికొని వచ్చితిని, ఎక్కువ అడుగుట పాపమా?' అని మెకానిక్కు అనవచ్చును. పాపము కాదు. పనివాడు తన జీతమునకు పాత్రుడు. రాత్రి నిద్ర, దారి ఖర్చు, మానుకొనిన వేరు పని, వీటికి వెల కట్టుట న్యాయమే. 13వ శతాబ్దమునందలి వేదాంతపండితుడు తోమా అక్వినాసు ఈ విషయమున ఒక గీటు గీసెను. అమ్మువానికి కలుగు నష్టమును బట్టి వెల పెంచవచ్చును గాని, కొనువాని అక్కర గొప్పదైనందున మాత్రమే పెంచుట తగదని అతని తీర్పు. ఏలయనగా ఆ అక్కర అమ్మువాని సొత్తు కాదు, తనది కానిదానిని ఎవడు అమ్మగలడు? ఏశావు పొలమునుండి అలసి వచ్చినప్పుడు యాకోబు కూర వంటకమునకు జ్యేష్ఠత్వము అడిగెను. వంటకమునకు పడిన శ్రమకు అది వెల కాదు, అన్న ఆకలికి కట్టిన వెల. ఏశావు తన జ్యేష్ఠత్వమును తృణీకరించిన మాట నిజమే. అయినను ఆ బేరము అన్నదమ్ముల మధ్య ఎన్ని ఏండ్ల భయమును పెట్టెనో ఆదికాండము చదివినవారికి తెలియును.

దీనికి భిన్నమైన చిత్రము మోటారు చరిత్ర ఆరంభములోనే కలదు. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను స్త్రీ, తన భర్త కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రముల మోటారు బండిలో, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైములోని పుట్టింటికి బయలుదేరెను. ఇంచుమించు 105 కిలోమీటర్ల దూరము. అప్పటికి పెట్రోలు బంకులు లేవు, మోటారు మెకానిక్కులును లేరు. ఇంధనము గొట్టము పూడుకొనగా ఆమె తన టోపీ సూదితో పొడిచి శుభ్రము చేసెను. వీస్లోఖు ఊరిలో ఒక మందుల దుకాణములో ఇంధనముగా పనికివచ్చు ద్రావకమును కొనెను. గొలుసు పాడైనప్పుడు ఒక కమ్మరి బాగుచేసెను. బ్రేకులు అరిగినప్పుడు ఒక చెప్పులు కుట్టువాడు వాటికి తోలు వేసెను. ఆ ముగ్గురిలో ఎవరికిని ఇంజను పని తెలియదు, అయినను ఎవరికి తెలిసిన పనిని వారు తెలియని మనిషికి చేసిరి. మొదటి దూరప్రయాణము ఆలాగు సాగెను. సహాయము చేయుటకు సమస్తము తెలిసియుండనక్కరలేదు. 'ఈ ఇంజను నాకు తెలియదు, ఫలాని ఊరిలో తెలిసినవాడున్నాడు' అని నిజము చెప్పుటయు గొప్ప సహాయమే. తెలియకయే విప్పి పాడుచేయువానికంటె అతడు మేలు.

ఈ శోధనను ప్రభుత్వములును ఎరుగును. కాలిఫోర్నియా రాష్ట్రములో 1971లో చేయబడిన చట్టము ప్రకారము, మరమ్మతు మొదలుపెట్టకముందే ఖర్చు అంచనా వ్రాసి యియ్యవలెను. యజమాని ఒప్పుకొననిదే అంచనా మించరాదు. ముందుగా అడిగినయెడల మార్చిన పాత సామానులు సాధారణముగా తిరిగి చూపవలెను. ఇవి మంచి కట్టడలే. అయితే నిర్మానుష్యమైన దారిలో చట్టము ప్రక్కన నిలువదు, మనస్సాక్షి నిలుచును.

ప్రయాణికునికిని విధులు కలవు. మొదటిది, పని ఆరంభింపకముందే ఖర్చు అడిగి తెలిసికొనవలెను. అది అనుమానము కాదు, ఇద్దరికిని క్షేమము. రెండవది, చాసిసు నెంబరు, ఇంజను నెంబరు వ్రాసి దగ్గర నుంచుకొనవలెను, వాటిని బట్టియే సరియైన సామాను దొరకును. మూడవది, ఒకడు మోసము చేసెనని మెకానిక్కులందరిని దొంగలని దూషింపరాదు. నాలుగవది, పని అయిన తరువాత ఒప్పుకొనిన కూలిలో తగ్గింపరాదు. తిరిగి రానివాడు మెకానిక్కునకు ఎగవేయుటయు సులభమే గదా! ఆ చిన్న రాయి రెండు సంచులలోను ఉండగలదు.

ఇదంతయు దూరదేశపు సంగతి యని తలంపకుడి. ఇచ్ఛాపురము నుండి తడ వరకు పోవు 16వ నెంబరు రహదారిమీద, కర్నూలు, అనంతపురముల మీదుగా పోవు 44వ రహదారిమీద, ఉత్తరదేశపు లారీలు రాత్రింబగళ్లు పోవుచున్నవి. ఆ డ్రైవరునకు క్యాబినే ఇల్లు. అందులోనే నిద్ర, దాని ప్రక్కనే వంట. అది ఆగినప్పుడు చక్రముల వెనుక రాళ్లు పెట్టి, వెనుక చెట్టుకొమ్మలు పరచి, మన భాష రాక, దారిప్రక్కన కూర్చుండును. అతడు మన మోటర్‌హోము ప్రయాణికుడే. మన సంఘములలో ట్రాక్టరు, మోటారు, పంపుసెట్టు పనివారు కలరు, టీ దుకాణము పెట్టుకొనినవారు కలరు. అతనికి ఒక కుండ నీళ్లు, న్యాయమైన ధరకు భోజనము, జాతీయ రహదారుల సహాయపు నెంబరు 1033, నమ్మకమైన మెకానిక్కు ఇల్లు చూపుట, ఇవి మన చేతిలో నున్నవి. బండి బాగుపడి వెళ్లునప్పుడు ఆ రాళ్లు దారిలో విడువక తీసివేయవలెనని అతనికి జ్ఞాపకము చేయుడి. లేనియెడల చీకటిలో వచ్చు మరియొక బాటసారి వాటిమీద పడి చచ్చును. డ్రైవరు అతని ముఖము ఎన్నడును చూడడు, అయినను ఆ రాళ్లు తీయుట అతనికి బాకీయే.

యోహాను తన మూడవ పత్రికలో గాయు అను విశ్వాసిని మెచ్చుకొనుచున్నాడు. అతడు పరదేశులైన సహోదరులకు నమ్మకముగా మేలుచేసి, వారిని తగినట్లు ప్రయాణమునకు సాగనంపెను. ఆ బాటసారులు వెళ్లి సంఘము ఎదుట అతని ప్రేమను గూర్చి సాక్ష్యమిచ్చిరి. మనయొద్దనుండి వెళ్లిన బాటసారి మన ఊరి పేరు ఏమని చెప్పుకొనునో మనము వినము. ఎవరును వినని చోట పలుకబడు ఆ సాక్ష్యమే మన నిజమైన పేరు.

కాబట్టి ప్రియులారా, ఈ రాత్రియే మన సంచి విప్పి చూచుకొందము. చిన్న రాయి యున్నయెడల తీసి పారవేయుదము.