ఏడాది నిండిన రాత ఎవరి లెక్క?

రోజూ కొంత రాస్తానని నియమం పట్టినవాళ్లకు మొదటి ఏడాది నిండిన రోజున ఒక సందేహం రాక మానదు. ఎన్ని పేజీలయ్యాయో, ఎన్ని రోజులు తప్పాయో లెక్క చూసుకోవచ్చా? రామకోటి రాసేవాళ్లనే తీసుకోండి. రోజుకు వెయ్యి నామాలు రాసినా కోటి నిండడానికి 27 ఏళ్లు దాటుతుంది. మొదటి ఏడాదికి అయ్యేది 3,65,000. అంత దూరం నడవాల్సినవాళ్లు ఎక్కడిదాకా వచ్చామని చూసుకోవడం సహజం. ఫలం మీద మనసు పెట్టొద్దన్న గీత మాట గుర్తొచ్చి జంకడమూ సహజమే. లెక్క వేయొచ్చనే నా అభిప్రాయం, అది ఎవరికి అప్పజెప్పాలో తెలిసి వేస్తే.

తిరుమల గుడిలో ఇలా లెక్క అప్పజెప్పడం రోజూ కళ్లముందే జరుగుతుంది. తెల్లవారుజామున తోమాలసేవ అయ్యాక స్నపన మండపంలో కొలువు శ్రీనివాసుడికి గొడుగు కింద ఆస్థానం చేస్తారు. ఆనాటి తిథి వార నక్షత్రాలు చదువుతారు. నిన్న హుండీలో ఎంత పడిందో అదీ స్వామికే వినిపిస్తారు. నువ్వులూ బెల్లమూ దంచి నైవేద్యం పెడతారు. ఆ వెంటనే అర్చన మొదలవుతుంది. నిన్నటి లెక్క నిన్నటితో తీరిపోయింది; స్వామి ముందు ఈ రోజు మళ్లీ కొత్తగా మొదలు. ఇక ఏడాదికొకసారి ఆణివార ఆస్థానం ఉండనే ఉంది. గుడి నిర్వహణ మహంతుల చేతిలో ఉన్న కాలంలో ఏడాది జమాఖర్చు ఆ రోజునుంచే మొదలయ్యేది. తర్వాత దేవస్థానం పద్దుల ఏడాది ఏప్రిల్‌కు మారినా, తాళాలు స్వామి పాదాల దగ్గర పెట్టే ఆచారం నిలిచింది. ఆ తాళాల గుత్తిని చూస్తే వార్షికోత్సవం అంటే ఏమిటో నాకు బాగా అర్థమవుతుంది. ఏడాది తమ చేతిలో ఉన్నదాన్ని ఒక్క క్షణం కింద పెట్టడం, ఇస్తే మళ్లీ అందుకోవడం.

నిత్యకర్మకు లెక్కేమిటి, సంధ్యావందనానికి ఎవరైనా వార్షికోత్సవం చేస్తారా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిత్యకర్మ చేస్తే వేరే ఫలమేదీ రాదు, మానితే దోషమని మీమాంసకుల్లో ఒక పక్షం. రోజువారీ రాతను ఆ కోవలో పెట్టేవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే సంధ్యావందనంలో ఇవాళ్టి మంత్రమే రేపూ. రాతలో రేపటి మాట ఇవాళ లేదు, దాన్ని వెతుక్కోవాలి. వెతుకులాట ఉన్నచోట దారి తప్పే ప్రమాదమూ ఉంది. ఏడాదికొకసారి వెనక్కి తిరిగి చూడాల్సింది అందుకే.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. రోజూ రాయాలంటే రాత మొక్కుబడి అయిపోదా? మొక్కుబడి అంటే మొక్కు చెల్లించడం. మనసు లేకుండా ఏదో కానిచ్చేయడమూ మొక్కుబడే. కానీ కాలినడకన తిరుమల కొండెక్కేవాళ్లను చూడండి. మోకాళ్లపర్వతం దగ్గర ఆయాసంతో ఆగిపోయినవాడి మనసులో భక్తికన్నా కాళ్లనొప్పే ఎక్కువ ఉండొచ్చు. అయినా అతను ఎక్కిన మెట్టు మెట్టే. మనసు రాని రోజున కూడా కూర్చుని రాసినవాడికే, మనసు వచ్చిన రోజున మాట తోడుగా దొరుకుతుంది.

తాళ్లపాక అన్నమాచార్యుల విషయమే చూద్దాం. ఆయన పదహారో ఏట, శక సంవత్సరం 1346 క్రోధిలో, అంటే 1424లో సంకీర్తనలు చెప్పడం మొదలుపెట్టారని ఆయన పాటలు చెక్కిన రాగిరేకు చెబుతుంది. 1503లో, దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు కన్నుమూశారు. మనవడు చిన్నన్న రాసిన చరిత్ర ప్రకారం పాటలు 32 వేలు. 79 ఏళ్లకు పంచితే ఏడాదికి 400 పైమాటే. రోజుకు ఒకటికి తగ్గలేదన్న వాడుకకు అది సరిపోతుంది. అన్ని పాటల్లో చెప్పిన భావమే మళ్లీ చెప్పినవీ ఉన్నాయి. అవి లేకుండా మిగిలినవి పుట్టేవని నేననుకోను.

మనకు దొరికినవి మాత్రం సుమారు 14 వేలే. సగానికి పైగా పోయాయి కదా, ఆ రోజులన్నీ వృథాయేనా? ఇక్కడ నా వాదానికి అడ్డువచ్చే సంగతి ఒకటుంది, దాచను. నిలవడం మీద తాళ్లపాకవారికి ఆశ లేకపోతే కొడుకు పెదతిరుమలాచార్యులు అంత రాగి పోసి ఎందుకు చెక్కించారు? ఉంది, ఉండాలి కూడా. తండ్రి పని పాట చెప్పడం, కొడుకు పని దాన్ని కాపాడడం. రెండూ ఒకడే చేయాలనుకున్నప్పుడే రాసేవాడికి ఆరాటం. పోయిన పాట కూడా పుట్టిన పూట స్వామికి చేరింది, దాని పని ఆ పూటే అయిపోయింది. మిగిలినవి ఎన్నో తరాలు గుడిలోని సంకీర్తన భాండాగారంలో ఉండిపోయి, 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి, వేటూరి ప్రభాకర శాస్త్రి వంటివారి శ్రమతో బయటికి వచ్చాయి. ఒక్కో రేకుకు సాధారణంగా ఆరు పాటలు. అధ్యాత్మం ఒక వరుస, శృంగారం ఒక వరుస. మొదలుపెట్టిన ఏడూ, వెళ్లిపోయిన తిథీ చెక్కించినవాళ్లు పాటల మీద మాత్రం రాగం పేరే రాయించారు. ఏది మొదటి ఏడాది పాటో, ఏది తొంభయ్యో ఏట చెప్పిందో ఆ రేకు పట్టుకుని ఎవరూ చెప్పలేరు.