పాట దేవునిదే, మరి కూలి?



మొన్నామధ్య మా విచారణ యువతీయువకులు ఏడెనిమిది మంది సాయంకాల ప్రార్థన అయ్యాక గురుమందిరానికి వచ్చారు. పాత పాటలు ఆరు ఎంచుకుని, కొత్త వాద్యాలతో రికార్డు చేసి, క్రిస్మస్‌కి యూట్యూబ్‌లో పెడతారట. ఖర్చుల లెక్క కాగితం మీద రాసుకొచ్చారు. స్టూడియోకింత, కీబోర్డు వాయించే అబ్బాయికింత, తబలాకింత, ఆటోకింత. టీ ఖర్చు కూడా ఉంది. "పాట రాసినవారికెంత?" అని అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో చురుకైన అమ్మాయి అంది: "దేవుని పాట కదా ఫాదర్ గారూ, దేవుడికి డబ్బులెందుకు?"

అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎందుకో తరువాత చెబుతాను.

ఒకరు పాడిన పాటను మరొకరు మళ్లీ పాడి రికార్డు చేస్తే దాన్ని 'కవర్ సాంగ్' అంటున్నారు. ఇది దొంగతనమా, కాదా? మన దేశపు కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రికార్డు తయారైన సంవత్సరం ముగిసి ఐదేళ్లు గడిచాక ఎవరైనా ఆ పాటను మళ్లీ రికార్డు చేయవచ్చు. ముందుగా నోటీసు ఇవ్వాలి. రచయితకు, స్వరకర్తకు చెందవలసిన రాయల్టీ ముందే చెల్లించాలి. అదీ ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన. మాటను, బాణీని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఇది కవర్ పాట అని అట్టమీద రాయాలి. ఈ వెసులుబాటు ధ్వనికే గాని, బొమ్మ జతచేసి వీడియోగా పెట్టడానికి వేరే అనుమతి కావాలి. ఒక చిన్న విచారణ గాయక బృందం 50,000 ప్రతుల లెక్క ఎక్కడ కడుతుంది? రచయిత ఇంటికి నేరుగా వెళ్లి అడగడమే మనలాంటివారికి దారి. గుడిలో పూజలో పాడుకోవడానికైతే భయం లేదు. మతపరమైన ఆచారాలకు, పెళ్లి ఊరేగింపుకు సైతం చట్టమే మినహాయింపు ఇచ్చింది.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ ఐదేళ్లు గడిచాక "నా పాట నువ్వు పాడకు" అని గొళ్లెం పెట్టుకునే హక్కు రచయితకు లేదు. కూలి అడిగే హక్కు మాత్రం ఉంది. గురువిద్యాలయంలో పునీత అక్వినాసు తోమాసు వారి గ్రంథం చదివిన రోజులు గుర్తొస్తాయి. సంపదను సమకూర్చుకుని నిర్వహించుకోవడం మనిషి సొంతంగా చేసుకోవచ్చు గాని, దాన్ని వాడుకోవడంలో మాత్రం నలుగురిదీ అన్నట్టే ఉండాలని వారి బోధ. ఆయన భూమి గురించీ, ధాన్యం గురించీ ఆలోచించి ఉంటారు. పాటకూ అది సరిగ్గా అతుకుతుంది. పాట అందరిదీ కావాలి. పాట కట్టినవాడు పస్తుండకూడదు.

చట్టప్రకారం సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా? దక్షిణాఫ్రికాలో సొలొమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో జొహానెస్‌బర్గ్‌లో 'ఎంబూబే' అనే పాట రికార్డు చేశాడు. ఎంబూబే అంటే సింహం. ఆ పాట హక్కుకు అతనికి ముట్టింది 10 షిల్లింగులంటారు. పాట సముద్రం దాటింది. అమెరికాలో పీట్ సీగర్ ఆ జూలూ మాటను సరిగా వినబడక 'వీమొవే' అని రాసుకున్నాడు. ఆ తప్పు మాటే పాట పేరైపోయింది. 1961లో టోకెన్స్ బృందం ఇంగ్లీషు మాటలతో పాడి లోకమంతా మోగించింది. 1994లో 'ది లయన్ కింగ్' చిత్రంలోకి వచ్చింది. లిండా మాత్రం 1962లో పేదవాడిగానే కన్నుమూశాడు. రచయిత పోయిన 25 ఏళ్లకు హక్కు వారసులకు తిరిగి రావాలన్న 1911 నాటి బ్రిటిష్ చట్ట నిబంధన ఆసరాగా అతని కూతుళ్లు పోరాడితే, 2006లో రాజీ కుదిరింది.

సంతకం ఉంది కదా, ఇక తప్పెవరిది అనేవారుంటారు. 13వ లియో పోపుగారు 1891లో రాసిన 'రేరుం నోవారుం' విశ్వలేఖ దీనికి ఏనాడో జవాబు చెప్పింది. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన జీతం న్యాయమైనది కాదనీ, ఒప్పందాలకంటే ముందే న్యాయమనేది ఒకటుందనీ, గతిలేక తలూపినవాడు బలవంతానికి లోనైనవాడే అనీ అందులోని భావం.

ఇంత చెప్పే నేను చేసిన పని వినండి. గురుపట్టం పొందిన కొత్తలో, 1999లో, ఒక పల్లె గుడికి రేకులు వేయడానికి పాటల క్యాసెట్టు చేయించాను. 500 క్యాసెట్లు అమ్ముడుపోయాయి. అందులో ఒక కానుకల పాట పక్క ఊరి ఉపదేశి గారు కట్టినది. అట్టమీద నేను రాయించింది 'సేకరణ' అని. ఆ ఒక్క మాట వెనుక మన క్యాసెట్లలో ఎందరి పేర్లు దాగి ఉన్నాయో! తరువాత ఆయన కనబడితే, "మీ పేరు వేయలేదు, ఏమనుకోకండి" అన్నాను. "బాణీ నాది కాదు స్వామీ, నాట్లేసేటప్పుడు మా అమ్మ పాడేది. మాటలే నావి. బాగా పాడించారు" అన్నారు. అలా ఆయన అడగకపోవడాన్ని నేను అనుమతి కింద జమ కట్టుకున్నాను. గుడి పని కాబట్టి ఏడవ ఆజ్ఞ నాకు వర్తించదనుకున్నాను కాబోలు.

మా పిల్లలు ఎంచుకున్న ఆరింటిలో ఆ పాట ఉంది. ఉపదేశి గారు ఇప్పుడు లేరు. వారం తిరగకుండా ఆ అమ్మాయినీ, ఇంకో ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆయన కూతురు ఇంటికి వెళ్లాను. ఎంతివ్వాలో తేల్చుకోవడం కష్టమైంది. ఇన్నేళ్లలో రూపాయి విలువ ఎంత పడిపోయిందో మీకు తెలుసు. చివరకు, ఈసారి తబలా వాయించేవారికి ఇవ్వబోయే దానికి తక్కువ కాకుండా కవరులో పెట్టాను. మొహమాటపడుతుందనుకున్నాను. లెక్కపెట్టి మరీ తీసుకుంది. మా అందరికీ ప్రాణం తేలికపడింది.

లేచి వస్తుంటే ఆవిడ గుమ్మంలో ఆపింది. "రెండో చరణంలో నాన్న 'కళ్లం' అని రాశాడు స్వామీ. మీ క్యాసెట్టులో 'పొలం' అని పాడారు. ఎందుకు మార్చారు?"

పట్నం వాళ్లకు అర్థం కాదని నేనే మార్పించాను. ఆ మాట చెప్పాను. ధాన్యం నూర్చి, తూర్పారబట్టి, దేవుడి పాలు పక్కన పెట్టేది కళ్లంలోనే గాని పొలంలో కాదుగా అంది. పక్కనున్న పిల్లలు అప్పటికే పాటల పుస్తకం తీసి దిద్దుకుంటున్నారు.